రెండు దేనారములు: పాత బండిని దానమిచ్చు విధము

చదువవలసిన భాగములు: లూకా 10:30–35; 2 సమూయేలు 24:24; మలాకీ 1:8



వంశధార ఒడ్డున ఉన్న మన గుడారి నుండి రోగిని గుణుపురమునకో, బిస్సమ్‌కటక్ క్రైస్తవ ఆసుపత్రికో తీసికొనిపోవలసి వచ్చినప్పుడు బండి విలువ తెలియును. 1954లో డెన్మార్కు దేశపు వైద్యురాలు డాక్టర్ ఎలిజబెత్ మాడ్సన్ స్థాపించిన ఆ ఆసుపత్రిని కొండ గ్రామములవారు నేటికిని ఆశ్రయించుచున్నారు. కాబట్టి కొత్త కారు కొన్న కుటుంబము, "పాతది పరిచర్యకు ఇచ్చివేద్దాము" అనుట మంచి తలంపే. అయితే ఇచ్చు విధము ఎరుగక మేము తప్పు చేసితిమి. ముందుగా దానినే చెప్పెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా ఏడు సీట్ల బండిని ఒక పిల్లల వసతి గృహమునకు ఇచ్చితిమి. ప్రార్థన చేసి, తాళమును ఆర్.సి.ని చేతికిచ్చి, ఫోటో తీయించుకొని ఇంటికి వచ్చితిమి. ఏడాది తిరుగకమునుపే ఆ బండి తగిలి ఒక కూలి యువకుని కాలు విరిగినది. ఇన్సూరెన్సు గడువు అప్పటికే తీరిపోయినది. కట్టుటకు వారియొద్ద డబ్బు లేదు. ఆర్.సి.లో మా పేరే ఉన్నది గనుక కోర్టు నోటీసు మా ఇంటికి వచ్చినది. దానమిచ్చితిమని చెప్పుకొన్నాము గాని, ఆ యువకునికి పని లేని నెలలలో మా దానము ఏమాత్రము ఉపయోగపడలేదు. మేము ఇచ్చినది మేలు కాదు, బరువు.

అప్పుడు మంచి సమరయుని కథ మాకు క్రొత్తగా కనబడినది. గాయపడినవానిని అతడు దేనిమీద ఎక్కించెనో చెప్పుచోట మన తెలుగు బైబిలులో ఉన్న మాట "వాహనము". అయితే అతడు అంతటితో ఆగలేదు. పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, ఇంకేమైన ఖర్చయినచో తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని మాట ఇచ్చెను. వాహనము, ఖర్చు, బాధ్యత: ఈ మూడును కలిసినప్పుడే అది సహాయము.

1. ముందు అడుగుడి. పుచ్చుకొను సంస్థకు బండి అవసరమా? నడుపువారున్నారా? నిలుపు చోటున్నదా? వారి కమిటీ తీర్మానము వ్రాయించిన పిమ్మటనే ఇయ్యవలెను. పెద్దవారు ఇచ్చుచున్నారని మొగమాటముచేత ఎవరును "వద్దు" అనలేరు. ఆ మాట వారు ధైర్యముగా అనునట్లు మనమే అవకాశమియ్యవలెను.

2. కుంటిదానిని అర్పింపకుడి. కుంటి పశువును అర్పించువారిని మలాకీ గద్దించెను. దానిని అధికారికి ఇచ్చి చూడుమనెను. బ్రేకులు, టైర్లు, బ్యాటరీ మెకానిక్కుకు చూపించి బాగుచేయించి ఇయ్యవలెను. సొంత వాడుక బండికి రిజిస్ట్రేషను 15 సంవత్సరములే. ఆ తరువాత తనిఖీ చేయించి పునరుద్ధరించుకొనవలెను. గడువు దగ్గరపడిన బండిని ఇచ్చుట ఆ ఖర్చును బీదలమీద వేయుటయే.

3. పేరు మార్పించుడి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇచ్చువారు 14 దినములలో ఆర్.టి.ఓ.కు తెలుపవలెను, పుచ్చుకొనువారు 30 దినములలో దరఖాస్తు పెట్టవలెను. ఇందుకు ఫారము 29, ఫారము 30 కావలెను. బ్యాంకు అప్పు ఉన్నయెడల ముందు దానిని తీర్చి ఆర్.సి.నుండి కొట్టివేయించవలెను. శ్రీకాకుళములోనో పార్వతీపురములోనో ఉన్న బంధువులు ఆంధ్ర నంబరు బండి ఇచ్చినయెడల, అక్కడి ఆర్.టి.ఓ. నిరభ్యంతర పత్రము తేవలెను. ఇచ్చువారికి గడువు 45 దినములు. బండి 12 నెలలు మించి ఒడిశాలో ఉండినచో ఇక్కడి నంబరు తీసికొనవలెను. పుచ్చుకొనినవారు ఇన్సూరెన్సు కంపెనీకి 14 దినములలో వ్రాయవలెను. మన ఫాస్టాగును మనము మూసివేయవలెను.

ఇది చిన్న సంగతి కాదు. 2007లో అమ్మబడి, పలు చేతులు మారిన ఒక కారు 2009లో ప్రమాదము చేసినది. 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉన్నదో వారే నష్టపరిహారమునకు బాధ్యులనెను. అమ్మినవానికే ఇట్లయినచో దానమిచ్చినవానికి వేరుగా ఉండునా?

4. రెండు దేనారములు జతచేయుడి. బండితోకూడ మొదటి సంవత్సరపు ఇన్సూరెన్సు, ఒకసారి సర్వీసింగు, కొంత డీజిలు ఖర్చు ఇయ్యవలెను. ఒక కుటుంబము మోయలేనిచో సంఘములో నాలుగు కుటుంబములు పంచుకొనవచ్చును.

5. అవసరము లేనిచో అమ్మి డబ్బు ఇయ్యుడి. ఇందులో సిగ్గు లేదు. మన దేశములో ఆదాయపు పన్ను తగ్గింపు డబ్బు రూపములో ఇచ్చిన దానమునకే గాని వస్తువునకు లేదు. అదియు అనుమతి గల సంస్థకు ఇచ్చినప్పుడే. నగదుగా 2,000 రూపాయలకు మించి ఇచ్చినది లెక్కకు రాదు గనుక చెక్కు ద్వారా ఇచ్చి రసీదు తీసికొనుడి. అమెరికాలోని మన బంధువులు దానమిచ్చు కార్లను సంస్థలు తరచుగా అమ్మివేయును. 2005 నుండి అక్కడ 500 డాలర్లకు మించిన తగ్గింపు చాలావరకు అట్లు అమ్మగా వచ్చిన ధరనుబట్టియే.

తనకు ఖర్చు లేని దహనబలిని దేవునికి అర్పింపనని దావీదు అరౌనా కళ్లముకు వెల ఇచ్చి కొనెను. మనకు అక్కరలేనిదానిని వదిలించుకొనుట సులభము. పుచ్చుకొనువారికి అక్కరైనదానిని, అక్కరైన రీతిని ఇచ్చుటకు కొంత ఖర్చగును. మా యింటికి నోటీసు వచ్చిన తరువాత ఆ యువకుని వైద్యమునకు మేము పెట్టిన సొమ్ము, మొదటి దినమున కట్టవలసిన ఇన్సూరెన్సుకన్న ఎన్నో రెట్లు ఎక్కువ. అయినను అతని కాలు మునుపటివలె కాలేదు.

చర్చకు ప్రశ్నలు

1. సమరయుడు రెండు దేనారములు ఇయ్యకుండ వెళ్లినయెడల గాయపడినవాని గతి ఏమై యుండును?
2. మన సంఘమునకు ఇయ్యబడిన వస్తువులలో వాడుకలో లేనివి ఏవి? ఎందుచేత?
3. మనము ఇచ్చిన బండి నేడు ఎవరి పేరున ఉన్నది? ఈ వారము ఆర్.సి. తీసి చూచెదమా?