ఆంగ్ల పదబంధ క్రియలు – తెలుగు పర్యాయాలు

ఆంగ్లంలో క్రియకు ఒక చిన్న పదం తోడైతే అర్థమే మారిపోతుంది. అట్టి జంటను 'ఫ్రేజల్ వెర్బ్' అంటారు. విదేశీయులను మిక్కిలి ఇబ్బంది పెట్టేవి ఇవేనని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే గుర్తించాడు. తెలుగు విద్యార్థికి ఈ పోకడ కొత్తది కాదు. 'తలపడు' అంటే తల పడిపోవడం కాదు, పోరుకు దిగడం. నామానికి ధాతువు చేరి కొత్త అర్థమిచ్చే ఇట్టివాటిని మన వ్యాకరణం శబ్దపల్లవాలు అన్నది.

'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయు. 'కాల్ ఆఫ్' అంటే రద్దు చేయు. రెండింటినీ 'ఆపివేయు' అని సరిపెట్టుకొని, వాయిదా పడిన పరీక్షకు పుస్తకం మూసినవాడు నష్టపోతాడు.

'గివ్ అప్' సంగతి మరింత సూక్ష్మం. పొగ తాగడాన్ని మానివేస్తారు, పదవిని వదలుకొంటారు, శత్రువుకు లొంగిపోతారు. 'త్యజించు' కూడ పర్యాయమే. అయితే రాజ్యాన్ని త్యజించాడంటే గంభీరం, కాఫీని త్యజించాడంటే హాస్యం.

'పుట్ అప్ విత్' అనే ఒక్కదానికి మనకు ఎన్ని మాటలో! నొప్పిని ఓర్చుకొంటాం, భారాన్ని భరిస్తాం, అవమానాన్ని సహిస్తాం, తోడికోడలితో సర్దుకొనిపోతాం. వీటిని తారుమారు చేస్తే వాక్యం తప్పు కాకపోవచ్చు, తెలుగుదనం తగ్గుతుంది.

'గో అవుట్' మనిషి విషయంలో బయటికి వెళ్ళడం, దీపం విషయంలో ఆరిపోవడం. దేవుని ముందరి దీపాన్ని ఆ మాట అనడానికి మాత్రం తెలుగువారికి నోరు రాదు, 'కొండెక్కింది' అంటారు.