92.7, 93.5 ఒకే స్క్రీన్‌పై: అమీర్‌పేట రూమ్‌లో ఎస్‌డీఆర్ మొదటి పాఠం

జావా, టెస్టింగ్, క్లౌడ్... మైత్రీవనం చుట్టూ ఏ కోర్సు బోర్డైనా కనిపిస్తుంది. ఈసీఈ చదివినవాళ్లు కూడా చివరికి అక్కడే తేలతారు. తప్పేం లేదు కానీ, నాలుగేళ్లు బట్టీపట్టిన మాడ్యులేషన్‌ని ఒక్కసారైనా కళ్లతో చూశారా?

ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్, ల్యాప్‌టాప్ ఉంటే చాలు. అసలిది టీవీ చూడ్డానికి చేసిన యూఎస్‌బీ స్టిక్. అందులోని ఆర్‌టీఎల్2832యూ చిప్ నుంచి రా శాంపిల్స్ నేరుగా తీయొచ్చని 2012లో అందరికీ తెలిశాక దాని రాత మారిపోయింది. మామూలు రేడియోలో సర్క్యూట్ చేసే పనిని ఇక్కడ సాఫ్ట్‌వేర్ చేస్తుంది.

ఎస్‌డీఆర్++ ఓపెన్ చేసి, సెకనుకు 24 లక్షల శాంపిల్స్ పెట్టి, 93 మెగాహెర్ట్జ్‌కి ట్యూన్ చేయండి. 92.7, 93.5 స్టేషన్లు రెండు గుట్టల్లా పక్కపక్కనే లేస్తాయి. మరి 91.1 ఏది? కనిపించదు. మన కిటికీ వెడల్పు 2.4 మెగాహెర్ట్జ్ మాత్రమే, అంటే 91.8 నుంచి 94.2 వరకు. 10 మెగాహెర్ట్జ్ వెడల్పున్న 4జీ ఛానల్ ఇందులో మొత్తం పట్టకపోవడానికీ ఇదే కారణం.

ఇప్పుడు జీఎన్‌యూ రేడియో. ఇది ఫ్రీ. 24 లక్షల శాంపిల్స్‌ని ఫిల్టర్ చేసి పదో వంతుకి తగ్గిస్తే 2.4 లక్షలు. ఎఫ్‌ఎంలో పాట దాగేది ఫ్రీక్వెన్సీ మార్పులో కాబట్టి, ఒక శాంపిల్‌కీ తర్వాతిదానికీ ఫేజ్ ఎంత తిరిగిందో లెక్కగడితే ఆడియో బయటపడుతుంది. దాన్ని ఐదో వంతు చేస్తే 48 వేలు, సౌండ్ కార్డుకి సరిగ్గా సరిపోతుంది. లెక్క తప్పితే పాట సాగుతుంది, లేదా పరుగెడుతుంది. ఒకసారి కావాలనే తప్పు పెట్టి వినండి, ఆ సరదా వేరు!

గెయిన్ మాత్రం ఫుల్ పెట్టొద్దు. సిటీ మధ్యలో సిగ్నల్స్ బలంగా ఉంటాయి, లేని చోట దొంగ స్టేషన్లు పుట్టుకొస్తాయి.

ఈ డాంగిల్ వింటుందే తప్ప పంపలేదు. మీరే ప్రసారం చేయాలంటే హ్యామ్ లైసెన్స్ తప్పనిసరి. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ అక్కర్లేదు. పంజాగుట్ట పక్కనే సోమాజిగూడలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబర్‌లో ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం, 26న సునామీ వచ్చి మామూలు లైన్లు తెగినప్పుడు పోర్ట్‌బ్లెయిర్ నుంచి హ్యామ్ రేడియోలోనే సందేశాలు చేరవేసింది.