పేరు ఎవరిది, ఎవరికి వచ్చినది

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఆంగ్లగ్రంథమును డేనిష్ భాషలోనికి అనువదించుటకు నీవు పూనుకొన్నావని తెలిసి, కోపెన్‌హేగెనులో చిరకాలము కొలువుచేసినవాడను గావున, ఎంతయు సంతసించితిని. నేమ్‌సేక్ అను మాట వచ్చినపుడెల్ల కలము ఆగిపోవుచున్నదని వ్రాసితివి, ఆగుటయే మేలు. పేరు పంచుకొన్న ఇరువురిలో ఎవరు ముందో, స్త్రీలో పురుషులో, అసలు మనుష్యులో లేక ఊరో ఓడయో, ఏమియు తేల్చకయే ఆంగ్లమున ఆ మాట చెల్లిపోవును. డేనిష్‌లో పురుషుని నౌనెబ్రోర్, అనగా నామసోదరుడు, అందురు. స్త్రీని నౌనెసోస్టర్ అందురు. ఆ భేదము వలదనుకొన్నచో నౌనెఫెల్లె కలదు. 1972లో డెన్మార్కు సింహాసనమెక్కిన రాణి, మధ్యయుగమున ఆ దేశమునేలిన మార్గ్రెతెను మొదటి మార్గ్రెతెగా ఎంచి తాను రెండవ మార్గ్రెతె యైనది. అట్టివారికి నౌనెసోస్టర్ సొంపుగా అమరును.

చిక్కు వేఱొకచోట నున్నది. 1681లో హోర్సెన్స్ పట్టణమున జన్మించి, రష్యా నౌకాదళమున చేరి, 1728లో ఆసియా అమెరికాల నడిమి జలసంధిలో ఓడ నడపిన విటస్ బేరింగును తీసికొనుము. ఆ జలసంధికి అతని పేరు వచ్చినది. 1741లో అతడు కన్నుమూసిన దీవికిని వచ్చినది. అతనికో, తల్లివైపు పెద్దవాడును రాజాస్థాన చరిత్రకారుడును కవియునైన మఱియొక విటస్ బేరింగు పేరు వచ్చినది. ఈ సంబంధములన్నిటికిని ఆంగ్లము ఒక్క మాటనే వాడును. నావికుడు కవికి నౌనెబ్రోర్ అని వ్రాసిన తప్పుగాదు గాని, పెద్దవాని పేరు పిల్లవానికి పెట్టిరను సంగతి పాఠకునికి అందదు. అచట ఓప్‌కాల్ట్ ఎఫ్టర్, అనగా ఫలానావారి పేరు పెట్టబడినవాడు, అని క్రియతో చెప్పుము. జలసంధి మాట ముందు వచ్చి నావికుని మాట వెనుక వచ్చినపుడు, అతడు దానికి పేరిచ్చెనని, లెగ్గె నౌన్ తిల్ అను నుడికారముతో వాక్యమును త్రిప్పుము. నామవాచకమునకు నామవాచకమే దొరకవలెనను పట్టుదలను విడువుము.

ఇది వ్యాకరణముతో తీరు సంగతి గాదు. బుగ్గలు ఉబ్బిన స్థూలకాయుని పటమొకటి నావికునిదని చిరకాలము పుస్తకములలో అచ్చుపడినది. 1991లో ఆ దీవియందలి నావికుని సమాధిని త్రవ్వి, కపాలమునుబట్టి ముఖమును తీర్చిచూడగా, పటములోని రూపునకును దానికిని పొత్తు కుదురలేదు. ఆ పటము కవిదని ఇప్పుడు పండితుల తలంపు. పేరొకటియైనంతనే మనిషియు ఒకడే యనుకొన్న ఫలమిది.

డెన్మార్కు పల్లెలలో తొలికొడుకునకు తాతపేరు పెట్టుట పూర్వాచారము. వితంతువు మరల పెండ్లాడినచో, తొలి మగబిడ్డకు గతించిన భర్త పేరు పెట్టుటయు కలదు. మామగారి పేరు పెట్టిన బిడ్డను కోడలు పేరుతో పిలువజాలక నాయనా యని పిలుచు ఇండ్లలో పెరిగిన నీకు, ఆ పేరు వెనుకనున్న గౌరవము వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్టి బిడ్డ ప్రస్తావన వచ్చినచో నౌనెబ్రోర్ అని ముగించకుము; ఆ మాటలో చనిపోయినవాని స్మరణ వినబడదు. నవలయు దానినుండి తీసిన చలనచిత్రమును ఒకే పేరు గలవైనపుడు మాత్రము అఫ్ సమ్మె నౌన్, అనగా అదే పేరుగల, అన్న చాలును.

నీ చిత్తుప్రతిలో ఇట్టి చోటులన్నిటను, ఎవరు ముందు ఆ పేరు ధరించిరో అంచున గుర్తుపెట్టుకొని, పిమ్మట వాక్యము కట్టుము. సందేహమున్న పుటలు పంపినచో చూచి తిరిగి పంపెదను.

ఇట్లు,
మీ మామయ్య