షర్టు గౌను – చంక దగ్గర కొలత

నేను కుట్టు నేర్చుకుంటున్నాను గనుక రాస్తున్నా. మనకు గుడ్డ ఒక్కసారే ఇస్తారు. అందుకే ముందు పాత పేపరు మీద కత్తిరించుకోండి. నూలు గుడ్డ అయితే తడిపి ఆరేశాకే కొయ్యాలి, లేకుంటే కుట్టాక కుంచించుకుపోతుంది.

ఛాతీ చుట్టుకొలత 30 అంగుళాలుంటే వదులుకు 4 కలపాలి, మొత్తం 34. అందులో నాలుగోవంతు ఎనిమిదిన్నర. పక్కలకూ చేతులకూ లోపల అంగుళం గుడ్డ ఉంచండి, మనం ఎదిగేవాళ్లం కదా! గుండీల పట్టీకి వేరే.

కచ్చాకుట్లు వేసి తొడుక్కుని, బోర్డు మీద రాస్తున్నట్టు చెయ్యెత్తి చూడాలి. పట్టేస్తే చాలామంది చంకను ఇంకా కిందికి కోసేస్తారు. నేనైతే ఒప్పుకోను. చంక దిగేకొద్దీ చెయ్యెత్తగానే గౌను మొత్తం పైకి లేస్తుంది. ఇక ఆ పిల్ల బోర్డు దగ్గరికేం వస్తుంది? పక్కకుట్టు, చేతి కింది కుట్టు విప్పి, లోపలి గుడ్డలోంచి అరంగుళం వదలండి. రెండూ సమానంగా వదలాలి, లేకపోతే చెయ్యి చంకలో కూర్చోదు.