ఆడిన ఒంటికి నిద్ర

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఒక ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. "పొద్దస్తమానం చదివి చదివి అలిసిపోతాడండీ, అయినా అర్ధరాత్రి దాటినా కునుకు పట్టదు." నెపం సెల్‌ఫోన్ మీదకు పోతుంది. దాని తప్పు కొంత ఉంది. కానీ పగలంతా ఆ పిల్లవాడు ఏమాత్రం కదిలాడో ఎవరూ అడగరు. ఇంటి నుంచి బస్సు, బస్సు నుంచి క్లాసు, క్లాసు నుంచి స్టడీ అవర్. బుర్ర అలిసింది, ఒళ్లు అలవలేదు.

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పోగవుతుంటుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. చెమట పట్టేలా ఆడిన రోజున త్వరగా నిద్ర పట్టడం, గాఢనిద్ర కాస్త పెరగడం పరిశోధనల్లో కనిపించినవే. పెరుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేదీ ఆ గాఢనిద్రలోనే. పగలు చదివింది మెదడులో కుదురుకునేది కూడా నిద్రలోనే. ఇక రాత్రి చదువుకని తాగే కాఫీ చేసే పనల్లా అడినోసిన్ మాట మెదడుకు వినబడకుండా అడ్డుపడటం. బాకీ అలాగే ఉంటుంది.

ఈ వయసుకు మరో చిక్కుంది. యౌవనం మొదలయ్యాక నిద్రను పిలిచే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. పదింటికి నిద్ర రాకపోవడం మొండితనం కాదు, ఒంట్లో గడియారం వెనక్కి జరిగింది. పొద్దుటి వెలుతురు దాన్ని ముందుకు లాగుతుంది. అందుకే ఉదయం ఆరుబయట ఆడితే రెండు విధాలా లాభం. వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో తెల్లవారుజామున నాలుగింటికే లేవమంటారు. పదకొండు దాటాక పడుకున్న పదహారేళ్ల పిల్లకు ఆ సలహా ఇవ్వడం నాకు నచ్చదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మనం స్వభావమనుకునే చిరాకు, మరుపు, ఊరికే కళ్లనీళ్లు, వీటిలో కొంత వాటా నిద్ర చాలకపోవడానిదే.

ఐదు నుంచి పదిహేడేళ్ల వారు సగటున రోజుకు 60 నిమిషాలైనా ఒళ్లు వంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి లెక్కల్లో ప్రపంచవ్యాప్తంగా 11-17 ఏళ్ల వారిలో 81 శాతం ఆ గీత దాటలేదు. ఆడపిల్లల్లో అది దాదాపు 85 శాతం. ఎందుకో మనకు తెలియనిది కాదు. ఈడొచ్చిన పిల్లకు ఆటలేమిటనే ఇళ్లు ఇంకా ఉన్నాయి, మైదానమే లేని కాలేజీలూ ఉన్నాయి.

గంటా ఒకేసారి అక్కర్లేదు. ట్యూషన్‌కు సైకిల్, డాబా మీద స్కిప్పింగ్, సాయంత్రం షటిల్, అన్నీ లెక్కలోకే వస్తాయి. ఆదివారం నాలుగు గంటల క్రికెట్ ఆడేసి మిగతా ఆరు రోజులూ కుర్చీకి అతుక్కుంటే మాత్రం రోజూ రావలసిన నిద్రకు అది ఆసరా కాదు. ఇప్పుడు హైదరాబాద్‌లో రాత్రి పదకొండింటికి ఫ్లడ్‌లైట్ల కింద బాక్స్ క్రికెట్ ఆడుతున్నారు. గుండె వేగం, ఒంటి వేడి దిగకముందే పడుకుంటే నిద్ర రాదు. గట్టి ఆట ఏదైనా పడకకు గంటా రెండు గంటల ముందే ముగించాలి.

పరీక్షలు దగ్గరపడితే మొదట కోత పడేది ఆటకే, తర్వాత నిద్రకు. ఈసారి టైమ్‌టేబుల్‌లో ముందుగా ఆటకు గంట, నిద్రకు ఎనిమిది గంటలు రాసుకోండి. మిగిలిన పదిహేను గంటల్లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు సర్దుకోండి.