తుంటి బలము – బరువు లెత్తు విధానము
గ్రామ వ్యాయామశాలలను గూర్చి పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

కృష్ణా డెల్టాలో సార్వా పంట ఇంటికి చేరు రోజులు శరీరమునకు కఠిన పరీక్ష. కోత, కుప్ప, నూర్పు, బస్తాల మోత యన్నియు కొద్ది వారములలోనే ముగియవలెను. ఆ వెంటనే సంక్రాంతి వచ్చును. పండుగనాటికి తన బలమును పదిమందికి చూపవలెనని యువకుడు ఉబలాటపడును. పగలు బస్తాలు మోసిన భుజముతోనే సాయంకాలము వ్యాయామశాలకు పోయి, నేల మీది ఇనుప కడ్డీని బిళ్లలతో సహా పైకెత్తును. దీనినే నేడు డెడ్‌లిఫ్ట్ అనుచున్నారు. నడుము పట్టుట, నెలల తరబడి పని పోవుట తరచుగా ఇట్టి సమయముననే సంభవించును. ఆ యువకుని సంపాదనపై బ్రతుకు కుటుంబమునకు ఇది చిన్న నష్టము కాదు. కావున ఈ విషయము గ్రామ పెద్దలు తెలిసికొనదగినది.

మన ప్రాంతపు వారసత్వము

బరువు లెత్తు విద్య మన జిల్లాకు క్రొత్తది కాదు. ఉయ్యూరు చెంత గండిగుంటలో జన్మించిన దండమూడి రాజగోపాలరావు 1951లో ఢిల్లీయందు జరిగిన ప్రథమ ఆసియా క్రీడలలో అధిక బరువు తరగతిలో కాంస్య పతకము పొందెను. 1963లో వెలువడిన నర్తనశాల చిత్రములో భీముని పాత్ర ధరించినవాడును ఆయనయే. విజయవాడలోని ఇండోర్ స్టేడియమునకు ఆయన పేరు పెట్టబడినది. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్య పతకము తెచ్చెను. ఈ విద్య పురుషులకే పరిమితము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

బలమెక్కడ నున్నది?

నేల మీది బరువును నడుముతో ఎత్తుదుమని పలువురు తలంతురు. ఇది పొరపాటు. బరువెత్తునది తుంటి, నడుము బరువును నిలబెట్టునది మాత్రమే. శరీరమందలి కండరములలో మిక్కిలి పెద్దది పిరుదు కండరము. తొడ వెనుక కండరములతో కలిసి అది వంగిన తుంటిని నిటారు చేయును. ఈ కండరములు బలహీనములైనపుడు వాని పని వెన్నుపై పడును. వెన్ను గుండ్రముగ వంగి పెద్ద బరువును భరించినచో పూసల నడుమ నుండు మెత్తని బిళ్లలకు దెబ్బ తగులు ప్రమాదము హెచ్చును.

వాకిలి తలుపును చూడుడు. తలుపు వంగదు, బందు మాత్రమే తిరుగును. అటులనే వెన్ను పలకవలె నిలిచియుండగా తుంటి బందువలె మడత పడవలెను. కడ్డీ కాళ్లకు ఆనుకొనియే పైకి రావలెను. అది జానెడు ముందుకు జరిగినను నడుముపై భారము ఎంతో పెరుగును. పాదములు పూర్తిగ నేలకు ఆని, మోకాళ్లును తుంటియు కలిసి విచ్చుకొనవలెను. బస్తా ఎత్తుటకును ఇదే సూత్రము వర్తించును.

తుంటికి వ్యాయామములు

మన తాలీంఖానాలలోని బస్కీలు ఇందుకు మంచి పునాది. వానికి తోడు ఈ నాలుగింటిని అభ్యసింపవచ్చును.

1. వెల్లకిల పరుండి, మోకాళ్లు మడచి, పిరుదులను బిగించి పైకెత్తి రెండు క్షణములు నిలుపుట. దీనికి ఏ పరికరమును అక్కరలేదు.
2. మోకాలి యెత్తున్న అరుగుపైకి ఒక్కొక్క కాలితో ఎక్కి మెల్లగ దిగుట.
3. ప్రక్కకు పరుండి పై కాలిని ఎత్తుట. తుంటి ప్రక్క కండరములు దీనివలన గట్టిపడి, మోకాళ్లు లోనికి వాలకుండును.
4. తేలిక బరువును చేతబట్టి, మోకాళ్లను కొద్దిగ మాత్రమే మడచి, తుంటిని వెనుకకు నెట్టుచు వంగి లేచుట.

క్రొత్తవారు మొదటి నెల ఈ నాలుగింటితోను ఖాళీ కడ్డీతోను సరిపెట్టుకొనుట మేలు. పోటీలలో వాడు పురుషుల కడ్డీయే 20 కిలోలు, స్త్రీలది 15 కిలోలు.

బరువును పెంచు క్రమము

బండలాగుడు పందెములకు ఎడ్లను తయారుచేయు రైతు తొలిదినముననే పెద్ద బండను కట్టడు. చిన్న బండతో మొదలుపెట్టి క్రమముగ పెంచును. నడుమ విశ్రాంతి నిచ్చును. పందెమునకు ముందు రోజులలో ఎడ్లను అలయనీయడు. ఎద్దునకు చూపు ఈ వివేకమును మనుష్యునకును చూపవలయును.

ఉదాహరణకు, 60 కిలోలను ఐదు పర్యాయములు చక్కగ ఎత్తగల యువకుని తీసికొందము. అతడు వారమున కొక్క దినము మాత్రము పెద్ద బరువు లెత్తవలెను. ఐదేసి పర్యాయముల చొప్పున మూడు విడతలు చాలును. రెండవ వారము 62.5, మూడవ వారము 65 కిలోలు. నాలుగవ వారము 45 కిలోలతో రెండు విడతలు మాత్రమే చేసి దేహమునకు విశ్రాంతి నీయవలెను. అయిదవ వారము మరల 65తో ఆరంభింపవచ్చును. తుంటి వ్యాయామములను వేరొక దినమున చేయవలెను. రెంటి నడుమ కనీసము రెండు దినముల వ్యవధి యుండవలెను. కండరము పెరుగునది ఎత్తునపుడు కాదు, తిని నిద్రించునపుడు.

మోతపని లెక్కలోనిదే

ఇచట ఒక లెక్క చూడవలెను. పై యువకుడు మూడవ వారమున ఎత్తిన మొత్తము 975 కిలోలు. మన ప్రాంతమున వాడుకలోనున్న ధాన్యపు బస్తా 75 కిలోలు. దినమునకు నూరు బస్తాలు మోసినవాడు 7,500 కిలోలు మోసినట్లే. అట్టివానికి ఆ సాయంకాలము మరల పెద్ద బరువు లెత్తించుట వ్యాయామము కాదు, అతిశ్రమ. కోతల కాలమున పెద్ద బరువులు మాని, తేలిక కదలికలతో సరిపెట్టుటయే యుక్తము.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మోతబరువులపై ఒడంబడిక చేసి, దానితోడి సిఫారసులో వయోజన పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించినచో దానిని తగ్గించుటకు చర్యలు తీసికొనవలెనని సూచించెను. మన బస్తా ఆ హద్దును 20 కిలోలు మించియున్నది.

అతిశ్రమ గుర్తులు

ఉదయము లేవగనే నాడి సాధారణము కంటె వేగముగ కొట్టుకొనుట, నిద్ర చెడుట, ఆకలి తగ్గుట, చిరాకు, నొప్పులు దినముల తరబడి తగ్గకుండుట, నిన్న ఎత్తిన బరువు నేడు లేవకుండుట. ఇవి రెండు మూడు కలిసి కనబడినచో వారము దినములు పెద్ద బరువులు మానవలెను. పట్టుదలతో ఇంకను ఎత్తువాడు బలము కోల్పోవునే గాని పొందడు.

నొప్పి కాలిలోనికి దిగుట, తిమ్మిరి, కాలు పట్టు తప్పుట కలిగినపుడు వైద్యుని చూడవలెను. మూత్రము నిలువకపోయినను, రాకపోయినను, ఎండలో అతిగా శ్రమించిన పిదప మూత్రము నల్లటీ రంగులో వచ్చినను ఆలసింపక ఆసుపత్రికి చేర్చవలెను.

ఆహారమునకు దూరము పోనక్కరలేదు. వరి మాగాణులలో పండు మినుములు, పెసలు, దివిసీమ చేపలు, గ్రుడ్లు, పాలు కండపుష్టికి చాలును.

పంచాయతీ చేయదగినది

మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ వంటి పట్టణములలో వ్యాయామశాలలున్నను, పల్లె యువకులలో పెక్కురు సెల్‌ఫోనులో చూచి నేర్చుకొనుచున్నారు. తప్పు దిద్దువాడు ప్రక్కన లేడు. గ్రామమున నొక గది, గట్టి నేల, రెండు కడ్డీలు, చిన్న బిళ్లలు సమకూర్చి, పాఠశాల వ్యాయామోపాధ్యాయుని సలహాతో నడుపవచ్చును. 1.25 కిలోల చిన్న బిళ్లలు తప్పక కొనవలెను. అవి లేనిచోట యువకుడు ఒక్కసారిగ పది కిలోలు పెంచును. ఎవరెంత ఎత్తిరో, ఏ దినమున మోతపనికి పోయిరో వ్రాయు పుస్తకమొకటి గోడకు వ్రేలాడదీయవలెను. పందెము పెట్టదలచినచో కోతలు ముగిసిన నాలుగు వారముల పిదప పెట్టుట శ్రేయస్కరము. వెన్ను వంచి ఎత్తిన బరువును లెక్కింపరాదని ముందే చాటవలెను.

బలము పంట వంటిది. అదను చూచి విత్తి, కాలము నిచ్చి కోయవలెను.

చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామములో బస్తాలు మోయువారెందరు? నడుము నొప్పిచే పని మానినవారెందరు?
2. బస్తా బరువు తగ్గించుటకు మిల్లు యజమానులతోను, రైతులతోను ఎట్లు మాటలాడవచ్చును?
3. వ్యాయామశాలకు తగిన స్థలమెచట కలదు? స్త్రీలకు ఏ వేళ కేటాయింపవచ్చును?