బండలు పరచుటలో క.సా.గు. వినియోగము

చిత్తూరు, తిరుపతి జిల్లాల గ్రామములలో ఇంటి నేలకును, అరుగునకును, బడి వసారాకును కడప బండలు పరచుట పరిపాటి. బండను కోసినచో ముక్క వృథా యగును, కోతకూలి అదనము. గోడలు లేచిన పిదప చింతించుటకంటె పునాదికి ముగ్గు పోయునాడే కొలతలు సరిచూచుకొనుట మేలు. ఇందులకు బడిలో నేర్చు కనిష్ఠ సామాన్య గుణిజము, అనగా క.సా.గు., మనకు తోడ్పడును.

సందుతో కలిపి బండ 18 అంగుళముల వెడల్పు, 24 అంగుళముల పొడవు గలదనుకొందము. కోత లేకుండ ఈ బండలతో నిండు మిక్కిలి చిన్న చతురస్రమేది?

18 = 2×3×3
24 = 2×2×2×3
క.సా.గు. = 2×2×2×3×3 = 72

కావున చతురస్రపు భుజము 72 అంగుళములు, అనగా 6 అడుగులు. ఒక దిక్కున 4, రెండవ దిక్కున 3, వెరసి 12 బండలు పట్టును. కొన్నిటిని అడ్డముగా త్రిప్పి పరచినను ఇంతకంటె చిన్న చతురస్రము నిండదు. నెదర్లాండ్సు గణితవేత్త డి బ్రైన్ 1969లో ప్రకటించిన సిద్ధాంతమువలన ఇది తేలుచున్నది.

12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల బడి వసారాలో అట్టి చతురస్రములు 2×5 = 10 ఇమిడును. 120 బండలు చాలును, ఒక్కటియు కోయనక్కరలేదు.

గది చతురస్రము కానిచో? ఒక ప్రక్క 6 అడుగులైనచో, రెండవ ప్రక్క 18, 24ల కూడికతో ఏర్పడిన చాలును. 66 = 18+24+24 గనుక, 6 అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు గల కొట్టుగదికి మూడు వరుసలలో 3+4+4 = 11 బండలు సరిపోవును.

వైశాల్యమునే నమ్మరాదు. 6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు గల అరుగు వైశాల్యము సరిగా 5 బండలకు సమానము. అయినను 18, 24లను ఎట్లు కూడినను 30 రాదు. ఒక బండను మూడు పట్టీలుగా కోయక తప్పదు. అది విరిగినచో ఆరవ బండ కొనవలెను. అరుగును 3 అడుగుల వెడల్పుగా కట్టినచో ఆ ఆరు బండలే కోత లేకుండ అమరును.

క.సా.గు. మనకు క్రొత్తది కాదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున దీనిని 'నిరుద్ధ'మని పేర్కొని, భిన్నముల కూడికకు వాడెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనిగించెను.

ఇల్లు కట్టదలచినవారు ముందుగా బండ కొలత తెలిసికొని, మేస్త్రితో కూర్చుండి ఈ లెక్క వేసికొనవలెను. బడిపిల్లలచేత వేయించినచో వారికి పాఠము, మనకు పొదుపు.